ఎనిమిదో తరగతిలో నోటుబుక్కే తెరవని పిల్లలకు లెక్కల మీద ఇష్టం ఎలా పుట్టించాలి?

ఆదోని లెక్కల టీచర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లా పశ్చిమాన, ఆదోనికి దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పద్నాలుగేళ్ల సర్వీసు. ఈ ఏడాది నాకు ఎనిమిదో తరగతి వచ్చింది. మొత్తం 43 మంది.

ముందు వరుసల పిల్లలతో నాకు ఏ ఇబ్బందీ లేదు. బోర్డు మీద లెక్క రాయడమే ఆలస్యం, జవాబు చెప్పేస్తారు. నా దిగులంతా వెనక గోడకు ఆనుకుని కూర్చునే తొమ్మిది మంది గురించి. వాళ్లు అల్లరి కూడా చేయరు. చేస్తే తిట్టో బుజ్జగించో దారిలో పెట్టుకోవచ్చు. ఊరికే కూర్చుంటారు, అంతే. బెల్లు కొట్టేదాకా కూర్చుని లేచి వెళ్లిపోతారు.

మా వైపు సంగతి తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ఇక్కడ సేద్యమంతా వాన మీదే. పత్తి తీతలు అయిపోయాక ఊళ్లో పని దొరకదు. కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయల కోతకు వెళ్తాయి. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. సంక్రాంతి దాటాక వెళ్తే ఉగాదికి గానీ రారు. వలస వెళ్లే వాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టల్ ఉన్నా, అమ్మ బండి ఎక్కుతుంటే ఆగే పిల్లలు ఎంతమంది? ఆడపిల్లను వదిలి వెళ్లడానికి తల్లికీ మనసొప్పదు. ఆ తొమ్మిది మందిలో ఆరుగురు పోయిన ఏడాది మూడు నెలలు బడిలో లేరు. పైగా కొందరికి ఇంట్లో మాట కన్నడం. పాఠ్యపుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు.

నేను చేయనిది లేదు. మార్కులు వచ్చిన వాళ్లకు పెన్నులు కొనిచ్చాను. గోడకు చార్ట్ కట్టి నక్షత్రాలు అంటించాను. ఫోన్లో వీడియోలు చూపించాను. బాగా చదివితే ఉద్యోగం వస్తుంది, మీ అమ్మానాన్నలు సుగ్గికి పోయే పని ఉండదు అని ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. తల ఊపుతారు. మర్నాడు మామూలే.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం ఒక పిల్లవాడు. మొన్నటి పరీక్షలో తెల్లకాగితం ఇచ్చాడు. పేరు, రోల్ నంబరు మాత్రం గుండ్రంగా రాశాడు. ఆ మర్నాడు నోటుబుక్కులు దిద్దుతుంటే వాడిది చేతికొచ్చింది. ముందు పేజీలన్నీ ఖాళీ. వెనక అట్ట దగ్గర నుంచి నాలుగు పేజీలు మాత్రం పెన్సిల్‌తో నిండిపోయి ఉన్నాయి. ఒక్కో వరుసలో తేదీ, కిలోలు, రూపాయలు. పోయిన ఏడాది సుగ్గిలో అమ్మ, అక్క, తను రోజుకు ఎన్ని కిలోల కాయ కోశారో రాసుకున్న లెక్క. ఒక వరుసలో 38 కిలోలు, కిలోకు 12 చొప్పున 456 అని ఉంది. పక్కన గుణకారం చేసిన గుర్తు ఎక్కడా లేదు. నాలుగు పేజీలూ సరిచూశాను. ఒక్క తప్పు లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లెక్కలు రావనుకున్న పిల్లవాడికి లెక్కలు వచ్చు. నా క్లాసులోనే రావు. ఇక్కడ నుంచి ఏం చేయాలో మీలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మార్కాపురం రిటైర్డ్ హెడ్‌మాస్టర్:

అమ్మా, నీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఆ నోటుబుక్కును వెనక నుంచే తెరువు. ఆ పేజీతోనే పాఠం మొదలుపెట్టు. కాకపోతే ముందు వాడిని అడుగు. అది వాళ్ల ఇంటి కూలి లెక్క. నలుగురిలో చెప్పడం వాడికి ఇష్టం ఉండాలి.

ఇక మిగతా ఎనిమిది మంది సంగతి. ఉద్యోగం మాట కొన్నాళ్లు పక్కన పెట్టు. అది అబద్ధమని కాదు. పదమూడేళ్ల పిల్లవాడికి పదేళ్ల తర్వాతి సంగతి కనిపించదు. వాడికి కనిపించేది ఈ పూట. ఈ పూట ఒక లెక్క తనకు తానుగా చేయగలిగితే రేపు పుస్తకం తెరుస్తాడు. చేయలేనని రోజూ రుజువవుతుంటే ఎవరు మాత్రం తెరుస్తారు? మనకు రాని పని రోజుకు ఆరు గంటలు పదిమంది ముందు చేయమంటే మనమూ గోడకు ఆనుకుని కూర్చుంటాం.

అందుకని ఒక్కొక్కరు ఎక్కడ ఆగిపోయారో ముందు తెలుసుకో. మూడు, నాలుగు, ఐదు తరగతుల నుంచి పది లెక్కలు ఇవ్వు. మార్కులు వేయకు, బయటికి చదవకు. నీకోసం చూసుకో.

నా అనుభవం చెప్తాను. ఒక ఏడాది తొమ్మిదో తరగతికి ఇలాగే ఇస్తే, 728ని 7తో భాగించమన్న లెక్కకు పదకొండు మంది 14 అని రాశారు. నూట నాలుగు రావాల్సిన చోట పద్నాలుగు. మధ్యలో సున్నా పోయింది. ఆ సున్నా పోయిన పిల్లలకు నేను వర్గమూలాలు చెప్తున్నాను! నాది తప్పు, వాళ్లది కాదు.

మర్నాడు ఇంటి నుంచి చీపురు పుల్లలు తెచ్చాను. పదేసి పుల్లలకు దారం కట్టి కట్టలు చేశాం. పది కట్టలను కలిపి పెద్ద మోపు. ఏడు మోపులు, రెండు కట్టలు, ఎనిమిది విడి పుల్లలు బల్ల మీద పెట్టి, ఏడుగురిని చుట్టూ నిలబెట్టి పంచుకోమన్నాను. మోపులు తలా ఒకటి తీసుకున్నారు. కట్టల దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. "రెండు కట్టలు ఏడుగురికి చాలవు సార్" అన్నాడొకడు. మరి ఒక్కొక్కరికి ఎన్ని కట్టలు వచ్చినట్టు అని అడిగాను. "ఏం రాలేదు" అన్నాడు. ఆ ఏం రాలేదన్న మాటనే బోర్డు మీద ఒకటి పక్కన సున్నాగా రాశాను. తర్వాత వాడే దారాలు విప్పాడు. ఇరవై, ఎనిమిది కలిపి ఇరవై ఎనిమిది పుల్లలు, తలా నాలుగు. 104.

ఆ పిల్లవాడు బోర్డు వైపు, తన చేతిలోని పుల్లల వైపు మార్చి మార్చి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ సాయంత్రం ఇంకో లెక్క ఇమ్మని స్టాఫ్ రూమ్ దాకా వచ్చాడు. ఇష్టం పుట్టడం అంటే నాకు తెలిసినంతలో అదే.

ఇదంతా క్లాసులో అందరి ముందూ చేయకు. ప్రార్థన బెల్లుకు ముందు ఇరవై నిమిషాలు చాలు. వెనకబడిన వాళ్ల క్లాసు అనే పేరు మాత్రం పెట్టకు. ఇంకొకటి, క్లాసులో ప్రశ్న అడిగాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకుని అప్పుడు జవాబు తీసుకో. ముందు వరుస వాళ్లు చెయ్యెత్తినా ఆగమను. వెనక వాళ్లకు ఆలోచించడానికి ఆ ఐదు అంకెల వ్యవధే ఉండటం లేదు.

గద్వాల బయాలజీ:

హెడ్‌మాస్టర్ గారి మాటలు చదివి నేనూ చీపురు పుల్లలు తెచ్చుకోవాలనిపించింది. నాది సైన్స్ సబ్జెక్ట్ కాబట్టి నా వైపు నుంచి చెప్తాను మేడం.

ముందు పెన్నులు, నక్షత్రాల సంగతి. నేను కూడా చార్ట్ కట్టాను. రెండు వారాల్లో తేలింది ఏమిటంటే నక్షత్రాలన్నీ ఎప్పుడూ వచ్చే ఆరుగురికే వస్తున్నాయి. మిగతా వాళ్లకు ఆ చార్ట్ రోజూ తమ పేరు పక్కన ఖాళీని చూపిస్తోంది. అమెరికాలో 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు ప్రచురించిన ప్రయోగం ఒకటి బీఈడీలో చదువుకున్నాం. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టమున్న చిన్న పిల్లల్లో కొందరికి బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి, ఇచ్చారు. కొద్దిరోజుల తర్వాత ఖాళీ సమయంలో చూస్తే ఆ పిల్లలే మిగతా వాళ్లకంటే తక్కువగా ఆ పెన్నులు పట్టుకున్నారు. ముందు చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. చదువుకున్నప్పుడు అది నాకు పరీక్ష కోసం ఒక పేరాగ్రాఫ్ మాత్రమే. చార్ట్ కట్టాక అర్థమైంది. చార్ట్ తీసేశాను.

మీకు సుగ్గి లాగా మాకు క్రాసింగ్, అంటే పత్తి పూలకు చేత్తో పుప్పొడి రుద్దే పని. గద్వాల చుట్టుపక్కల పత్తి విత్తనం పండిస్తారు. పూత మీద ఉన్నప్పుడు చేలో చేతులు కావాలి, పిల్లలు బడి మానేస్తారు. వాళ్లు పనికి పోకూడదు. దాని కోసం ఇళ్లకు తిరుగుతూనే ఉన్నాను, తల్లిదండ్రులతో మాట పడుతూనే ఉన్నాను. అది నేను వదలను. కానీ పనికి పోయి తిరిగొచ్చిన పిల్లవాడు ఏమీ తెలియని వాడిగా రాలేదు. అది గుర్తించడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

మొక్కల్లో ప్రత్యుత్పత్తి పాఠం చెప్తున్నాను. బోర్డు మీద పువ్వు బొమ్మ వేసి కేసరాలు, అండకోశం అని చెప్తుంటే వెనక నుంచి ఒకమ్మాయి పక్కనున్న పిల్లతో గొణుగుతోంది. ఏంటమ్మా అంటే భయపడింది. బుజ్జగిస్తే చెప్పింది: "మేము సాయంత్రం మొగ్గ గోటితో గిల్లి అదే తీసేస్తాం సార్." మర్నాడు ఒక పత్తి మొగ్గ తెప్పించి ఆ అమ్మాయినే బల్ల దగ్గరికి పిలిచాను. బొటనవేలి గోరు మొగ్గ అడుగున ఆనించి, చుట్టూ తిప్పి, రేకులతో పాటు పుప్పొడి తిత్తులు మొత్తం తొడుగులాగా లాగేసింది. లోపల కీలం పుల్లలాగా నిలబడి ఉంది, చెక్కు చెదరలేదు. నా చేత్తో ప్రయత్నిస్తే మొగ్గ నలిగిపోయింది.

వాళ్ల భాషలో అది ఆడ చెట్టు. అప్పుడు నేను అడిగాను: ఆడ చెట్టు అయితే దాని పువ్వులో పుప్పొడి ఎందుకు ఉంది? అది తీసేయకపోతే ఏమవుతుంది? క్లాసు మొత్తం వాదించుకుంది. పత్తి పువ్వు ద్విలింగ పుష్పమని, తన పుప్పొడి తన మీదే పడితే సంకర విత్తనం రాదని వాళ్లంతట వాళ్లే తేల్చారు. పొద్దున ఇంకో చేను పువ్వు తెచ్చి ఎందుకు రుద్దుతారో ఆ అమ్మాయే చెప్పింది. మూడేళ్లుగా చేస్తున్న పనికి కారణం ఆ రోజే తెలిసింది వాళ్లకు. తర్వాత ఆ పిల్ల వెనక కూర్చోలేదు. నేను మార్చలేదు, తనే ముందుకు వచ్చింది.

టెక్కలి టీచర్:

నాది చిన్న సలహా. ఎన్ఎంఎంఎస్ (పేద పిల్లలకు కేంద్రం ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష ఎనిమిదో తరగతి పిల్లలకే కదా. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు స్కాలర్‌షిప్. మా బడిలో పోయిన ఏడాది ఇద్దరికి వచ్చింది. ఆ ఇద్దరి ఇళ్లకు మేము వెళ్లి చెప్పినప్పుడు వీధి వీధంతా వచ్చింది. ఈ ఏడాది పిల్లలే వచ్చి సార్ క్లాసులు ఎప్పుడు మొదలుపెడతారు అని అడుగుతున్నారు. దూరంగా ఉన్న ఉద్యోగం కంటే దగ్గర్లో ఉన్న ఇలాంటిది పిల్లలను కదిలిస్తుంది. ఆలోచించండి.

కోసిగి ఎలక్ట్రీషియన్:

మేడం గారూ, నేను టీచర్ని కాదు. మీరు రాసిన తొమ్మిది మందిలో ఒకడిలాంటి వాడిని. మాది కోసిగి దగ్గర పల్లె. ఐటీఐ చేసి ఇప్పుడు హైదరాబాదులో ఎలక్ట్రీషియన్ పని చేసుకుంటున్నాను. ఏడు, ఎనిమిది తరగతుల్లో రెండేళ్లూ సుగ్గికి పోయాను. అందుకే నాకు తెలిసింది చెప్పాలనిపించింది.

పోవడం కష్టం కాదు మేడం. తిరిగి వచ్చి క్లాసులో అడుగుపెట్టడం కష్టం. ఏడో తరగతిలో ఉగాది అయ్యాక బడికి వస్తే నా చోట ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. లేపడానికి నోరు రాలేదు, వెనక్కి పోయి కూర్చున్నాను. ఒక సార్ అందరి ముందూ "ఇన్నాళ్లూ ఏమైపోయావు, చుట్టంలా వచ్చావా?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. కానీ నేను ఆ తర్వాత వారం రోజులు బడికి పోలేదు. పొద్దున సంచి తగిలించుకుని బయల్దేరి, చెరువు గట్టు మీద కూర్చుని, సాయంత్రం ఇంటికి పోయేవాణ్ని.

ఎనిమిదిలో తెలుగు టీచరమ్మ ఒకరు ఉండేవారు. సుగ్గి నుంచి వచ్చిన రోజు ఆమె నన్ను అడిగిన మొదటి మాట, "చేతులు మంటలు తగ్గాయా?" అని. మిరపకాయ కోస్తే వేళ్ల సందుల్లో మంట ఎన్ని రోజులైనా పోదు, కళ్లు నలుపుకుంటే ప్రాణం పోయినంత పని అవుతుంది. అది ఆమెకు తెలుసు. తర్వాత బీరువా తీసి ఒక కాగితాల కట్ట చేతికిచ్చారు. మా బెంచీలో నా దోస్తు ఒకడు మూడు నెలలూ నోట్సు రాసేటప్పుడు కింద కార్బన్ పేపర్ పెట్టి రాశాడంట. ఆమే పెట్టించారు. అన్ని సబ్జెక్టులవీ. నీలి అక్షరాలు, అక్కడక్కడా మసకగా ఉన్నాయి. పైన ప్రతి కాగితానికీ నా పేరు రాసి ఉంది.

నేను లేని మూడు నెలలూ నా పేరు ఆ గదిలో ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారని అప్పుడు తెలిసింది. ఆ కాగితాలన్నీ చదివానని చెప్పను, కొన్నే చదివాను. కానీ బడి మానలేదు.

మీ పిల్లలకు ఏ పాఠం ఎలా చెప్పాలో నాకు తెలియదు. వాళ్లు తిరిగొచ్చిన రోజు మాత్రం మీరు గుమ్మం దగ్గర ఉండండి మేడం.

ఆదోని లెక్కల టీచర్:

అందరికీ జవాబు రాయడానికి ఏడు వారాలు పట్టింది. ఏదో ఒకటి చేసి చూశాకే రాయాలనుకున్నాను.

మొదట పిల్లవాడిని పక్కకు పిలిచి వెనక పేజీల గురించి అడిగాను. నోటుబుక్కు వెనక్కి దాచేశాడు. బడి పుస్తకంలో ఇంటి లెక్క రాసినందుకు తిడతాననుకున్నాడు. ఎలా చేశావో చెప్తావా, నాకు నేర్చుకోవాలని ఉంది అన్నాను. ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది. కూలి సంగతి చెప్పొద్దు, అంకెలు మాత్రం చెప్దాం అన్నాడు. సరే అన్నాను.

బోర్డు మీద 38 ఇంటూ 12 రాసి, పెన్ను ముట్టకుండా చేయమన్నాను. హెడ్‌మాస్టర్ గారు చెప్పినట్టు ముందు వరుసను ఆగమన్నాను. వెనక నుంచి వాడు నాలుగు వందల యాభై ఆరు అన్నాడు. ఎలా వచ్చిందిరా అంటే, "నలభైకి నాలుగొందల ఎనభై. రెండు కిలోలు తక్కువ కదా మేడం, ఇరవై నాలుగు తీసేసినా" అన్నాడు. అదే బోర్డు మీద 12(40 – 2) అని రాసి, కింద 480 – 24 అని రాశాను. ఇది మనం చదవబోయే బీజీయ సమాసాల పాఠం, దీనికి విభాగ న్యాయం అని పేరు అని చెప్పాను. ముందు వరుస పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. ఇంతకు ముందు ఎప్పుడూ అలా చూడలేదు.

తర్వాత 40 చెరిపేసి x పెట్టాను. 12(x – 2). ఈ x దగ్గరే ప్రతి ఏడాది నా పిల్లలు సగం మంది జారిపోతారు. వాడు కాసేపు చూసి అడిగాడు: "ఎక్స్ అంటే మేస్త్రీ ఇంకా తూకం వేయనప్పుడా మేడం?"

పద్నాలుగేళ్లుగా x అంటే తెలియని రాశి అని చెప్తున్నాను. ఇంత బాగా నేను ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు మా క్లాసులో అందరూ x ని ఇంకా తూకం వేయని సంచి అంటున్నారు. 2x అంటే రెండు సంచులు, 3x అంటే మూడు సంచులు. 5x, 3x కలిపితే 8x అవుతుంది గానీ 5x, 3 కలిపితే 8x ఎందుకు కాదో సంచీ, విడి కాయలు అనగానే తెలిసిపోతోంది.

ప్రార్థనకు ముందు ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. తొమ్మిది మందిలో ఐదుగురు రోజూ వస్తున్నారు. పది లెక్కల కాగితం ఇస్తే హెడ్‌మాస్టర్ గారు చెప్పిన ఆ మధ్య సున్నా మా దగ్గరా పోయింది, నలుగురికి. పుల్లల కట్టలు కట్టించాను. ఒకమ్మాయి తమ్ముణ్ని అంగన్‌వాడీలో దింపి రావాలి, ఆలస్యమవుతోంది. తనకు మధ్యాహ్నం భోజనం అయ్యాక విడిగా చూస్తున్నాను. ఇద్దరు ఇంకా కదలలేదు. కారణం నాకు అంతుబట్టలేదు. వాళ్ల ఇళ్లకు ఈ ఆదివారం వెళ్తున్నాను. తొమ్మిదో పిల్లవాడు బడికే రావడం లేదు, వాళ్ల అవ్వ ఒంట్లో బాగోలేదట.

నక్షత్రాల చార్ట్ తీసేశాను. ముందు వరుసలో ఒకమ్మాయి బాధపడింది, తనకు ముప్పై ఉన్నాయి. తనకు విడిగా కూర్చోబెట్టి చెప్పాను. ఎన్ఎంఎంఎస్‌కి ఆరుగురిని తయారు చేస్తున్నాను, మంచి మాట గుర్తుచేశారు. కానీ దానికి ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50. మా వెనక బెంచీలో ఒక్కరే ఆ లెక్కకు అందుతున్నారు. మిగతా వాళ్లను కదిలించేది ఇంకేదో కావాలి, అందుకే సంచుల లెక్కను వదలడం లేదు.

కోసిగి తమ్ముడూ, నీ జవాబు స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపించాను. ఎవరూ కాసేపు మాట్లాడలేదు. పోయిన ఏడాది ఉగాది తర్వాత వచ్చిన పిల్లలను నేను ఏమని పలకరించానో గుర్తు తెచ్చుకున్నాను. ఇన్నాళ్లకు గుర్తొచ్చామా అన్నాను, నవ్వుతూనే అన్నాను. వాళ్లకు అది ఎలా వినిపించిందో ఇప్పుడు తెలుస్తోంది.

ఆదోనిలో స్టేషనరీ షాపుల్లో కార్బన్ పేపర్లు ఇంకా దొరుకుతున్నాయి. సంక్రాంతికి చాలా టైమ్ ఉంది గానీ రెండు ప్యాకెట్లు కొని బీరువాలో పెట్టాను. వెళ్లే వాళ్ల పక్కన కూర్చునే పిల్లలు ఎవరెవరో పేర్లు రాసుకుంటున్నాను.